నా కూతురి కుడి చెవి

పదకొండేళ్లుగా దీన్ని లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు తెలియదు. మా అమ్మకూ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు కొత్తపేటలో కిరాయికి ఉండేవాళ్లం. పాపకు నాలుగేళ్లు. చిన్నప్పుడు నన్ను మూడు బడులు మార్చారు, ఎక్కడా కుదురుకోలేదు. నా పిల్లకు ఆ గతి వద్దనుకుని ఎల్బీనగర్‌లో ఒక పెద్ద స్కూలు చూశాను. ఎల్‌కేజీలో చేరితే పదో తరగతి దాకా బెంగ లేదు. కాకపోతే పిల్లకు ఇంటర్వ్యూ, అదీ ఇంగ్లిష్‌లో. నెల రోజులు రంగులు, పండ్లు, జంతువులు బట్టీ పట్టించాను. తప్పు చెప్తే గిల్లేదాన్ని. తర్వాత స్కేలు పట్టాను. తొడల మీదే కొట్టేదాన్ని, గౌను కింద కనబడదని. ఆ తెలివి నాకెక్కడి నుంచి వచ్చింది?

ఇంటర్వ్యూ ముందు రోజు, ప్లేస్కూల్ నుంచి తీసుకురాగానే కూర్చోబెట్టాను. ఆపిల్ రంగేంటని ఇంగ్లిష్‌లో అడిగితే "ఎర్రగ" అంది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే, నవ్వుతూ. ఆ నవ్వుకే ఒళ్లు మండింది. చెంప మీద కొట్టబోతే చెవి మీద పడింది. గోడకు కొట్టుకుని కూలబడింది. లేపి ఇంకోటి కొట్టాను. ఆ రెండోది ఎందుకు కొట్టానో ఇప్పటికీ తెలియదు. కోపం అప్పటికే పోయింది, చెయ్యి మాత్రం ఆగలేదు. చెవిలోంచి రక్తం కారింది.

దవాఖానకు పోయే ఆటోలోనే పాపకు నేర్పాను, ప్లేస్కూల్లో ఆయమ్మ పడేసిందని చెప్పమని. కర్ణభేరి పగిలిందన్నారు. మా ఆయనకూ అదే చెప్పాను.

మర్నాడు పొద్దున ముగ్గురం ప్లేస్కూల్‌కు వెళ్లాం. ఆయన ఆయమ్మను, యాదమ్మ ఆమె పేరు, రెక్క పట్టి గోడకేసి నెట్టాడు. పెదవి చిట్లింది. ఆమె నన్నే చూసింది.

"నేను పడేయలే బిడ్డా. నువ్వు తీస్కపోయేటప్పుడు మంచిగనే ఉండె గద. పోరినే అడుగు."

అడిగాం. "ఆయమ్మ పడేసింది" అంది పాప, తడబడకుండా. నెలంతా కొట్టి నేర్పినవి రాలేదు, ఇది ఒక్కసారికే వచ్చింది. యాదమ్మను అప్పటికప్పుడే పనిలోంచి తీసేశారు. మధ్యాహ్నం చెవిలో దూదితోనే ఇంటర్వ్యూకు తీసుకెళ్లాను. సీటొచ్చింది. సంతోషపడ్డాను కూడా. అదీ చెప్పాలి కదా.

ఇప్పుడు పాప అదే స్కూల్లో పదో తరగతి. కుడి చెవి సరిగా వినబడదు. పోయిన వారం స్నేహితురాలితో అంటుంటే విన్నాను: "చిన్నప్పుడు మా ఆయమ్మ కొట్టింది. ఆమె గాజుల చప్పుడు గూడ యాదికుంది నాకు."

యాదమ్మ ఇప్పుడెక్కడుందో తెలియదు. ఆమె చేతులకు గాజులుండేవి కావు. అవి నావి. కొట్టింది నేను. రాశాను, కాస్త ఊపిరాడుతోంది. పాప పక్క గదిలో చదువుకుంటోంది. ఇంకా తనకు చెప్పలేదు.