గుండీ నొక్కితే ఆగిపోయే గడియారం

పోయినవి ముందు చెబుతాను. తొంభై ఆరు రోజుల్లో మా ఐదుగురి దగ్గర పోయినవి ఇవి. ఉన్ని చేతితొడుగులు ఆరు జతలు, ఒంటివి మూడు. మంచు గొడ్డలి ఒకటి. ఇరవై లీటర్ల కిరోసిన్ డబ్బాలు రెండు, గాలికి దొర్లి లోయలో పడ్డాయి. రేడియో బ్యాటరీలు నాలుగు. చేతి గడియారాలు నాలుగు, అన్నీ బ్యాటరీవే, మొదటి పన్నెండు రోజుల్లో చచ్చాయి. నా ఒంటి బరువు పదకొండు కిలోలు. హవల్దారు కాలిగోళ్ళు రెండు. వంటవాడి వేళ్ళ చివరలు నాలుగు, కుడిచేతివి మూడు, ఎడమచేతిది ఒకటి. ప్రాణాలు సున్నా.

ఇప్పుడు నేను పుదుచ్చేరిలో తేంగాయితిట్టు హార్బర్‌లో ఐసు గడ్డల లెక్క చూస్తాను. మిలిటరీలో చేశానని తెలిసినవాళ్ళు అడిగేది ఆ చివరి అంకె గురించే. ఎవరూ చావలేదంటే వాళ్ళ ముఖం కాస్త చిన్నబోతుంది. ఒకసారి చేపల వేలంలో కూర్చునే అక్క, "అయితే మంచు చూసేదానికి పోయినావా తమ్ముడూ?" అంది. అవునక్కా అన్నాను. ఆమెకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మంచుకొండ మీది మా కాపలా పోస్టుకు చేరింది మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి. కింది శిబిరం నుంచి తొమ్మిది గంటల నడక. వీపు మీద ఇరవై రెండు కిలోలు. ఎత్తు పదిహేడు వేల తొమ్మిది వందల అడుగులు. నాకు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న ఒక గది, సగం మంచులో కూరుకుపోయి ఉంది. అందులో ఐదుగురం. పోస్టు పెద్ద హవల్దారు, విల్లుపురం మనిషి. మందులు చూసే నర్సింగు అసిస్టెంటు. రేడియో ఆపరేటరు. వంటవాడు. నేను. మూడు వైపులా తెలుపు, నాలుగో వైపు లోయ.

వంటవాడిది చిత్తూరు వైపు. నాకన్నా మూడేళ్ళు చిన్న. నా మాట విన్న మొదటిరోజే, "నీది మా తెలుగు మాదిరే వుందే అన్నా, యాడ?" అని అడిగాడు. పుదుచ్చేరి అన్నాను. మా ముత్తాత కాలం నుంచి అక్కడే. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. అది విని అతను చాలాసేపు నవ్వాడు. తర్వాత బిస్కెట్ల అట్టపెట్టె చింపి, స్టవ్వు మసితో అక్షరాలు రాసి ఇచ్చాడు. రోజుకు మూడు. ఇవాళ నేను ఇది రాస్తున్నది ఆ అక్షరాలతోనే.

బ్యాటరీ గడియారాలు చచ్చాక పోస్టులో మిగిలింది నాదొక్కటే. తాళం తిప్పే పాత గడియారం. మా పక్కింటి సొల్దా తాత ఇచ్చాడు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పెన్షను తీసుకునేవాళ్ళను మా ఊళ్ళో సొల్దా అంటారు. దానికి పక్కన రెండు గుండీలు. పైది నొక్కితే నడిమి పొడుగు ముల్లు సున్నా నుంచి కదిలి సెకన్లు లెక్కపెడుతుంది. మళ్ళీ నొక్కితే ఆగుతుంది. కిందది నొక్కితే సున్నాకు వస్తుంది. ఊళ్ళో ఉన్నప్పుడు తాళం నిండుగా తిప్పి నాలుగైదుసార్లు నొక్కి చూశాను. బాగానే నడిచింది. పైన దాన్ని మెడలో తాడుకు కట్టుకుని, బనీను లోపల ఒంటి వెచ్చదనంలో ఉంచేవాడిని. ఉదయం ఆరింటికి తాళం. సాయంత్రం ఆరింటికి కింది శిబిరం రేడియోలో చెప్పే టైముతో సరిచూసుకోవడం. రోజుకు పదకొండు సెకన్లు వెనకబడేది. అంతకుమించి ఎప్పుడూ తప్పలేదు.

కాపలా మారేది ఆ గడియారాన్ని బట్టే. తుఫాను లేనప్పుడు గంటకొకరు, ఉన్నప్పుడు అరగంటకొకరు. తలుపు నుంచి కాపలా చోటు దాకా పద్నాలుగు మీటర్ల తాడు. బయట ఉన్నవాడు ఇబ్బందైతే రెండుసార్లు లాగాలి. లేదంటే మారేవాడు వచ్చేదాకా కదలకూడదు. ఇది ఆర్డరు.

యాభై ఎనిమిదో రోజు. తుఫాను మొదలై మూడు రోజులు. మైనస్ ఇరవై నాలుగు. పగలే, కానీ తలుపు తీస్తే చేయి చాపినంత దూరం కనిపించదు. ఆ ఉదయం నుంచి రేడియో ఆపరేటరుకు ఊపిరి అందడం లేదు. పడుకుంటే గురగుర. కూర్చోబెట్టి వెనక నుంచి ఎవరో ఒకరు పట్టుకోవాలి. హవల్దారు అప్పుడే కాపలా నుంచి వచ్చాడు, వేళ్ళు వంగడం లేదు. రెండున్నరకు వంటవాడు బయటికి వెళ్ళాడు. మూడింటికి నేను వెళ్ళాలి.

రెండూ నలభై ఒకటికి నర్సింగు అసిస్టెంటు ఆక్సిజన్ తెరిచాడు. ఉన్నది ఒక్క సిలిండరు. నిమిషానికి నాలుగు లీటర్లు పెడుతున్నాను, ఇరవై నిమిషాలు కాగానే చెప్పు, తగ్గిస్తాను అన్నాడు. మామూలుగా ముల్లు చూసి గుర్తుపెట్టుకుంటే చాలు. నలభై ఒకటికి ఇరవై కలిపితే మూడూ ఒకటి. చిన్నపిల్లలు చేసే కూడిక. నాకు అది చాలలేదు. సెకనుతో సహా కచ్చితంగా ఉండాలనిపించింది. పై గుండీ నొక్కాను. పొడుగు ముల్లు కదలడం చూశాను. గడియారాన్ని బనీనులో వేసుకుని, ఆపరేటరును నా ఛాతీకి ఆనించి పట్టుకున్నాను.

అతని వీపు నా మీద లేచి పడుతోంది. నిమిషానికి నలభై దాకా. నేను అవే లెక్కపెడుతూ కూర్చున్నాను.

చాలాసేపైందనిపించి గడియారం తీశాను. రెండూ నలభై నాలుగు. మూడే నిమిషాలు. నాకు ఆశ్చర్యమేసింది. రోగిని పట్టుకుంటే నిమిషం గంటలా ఉంటుందిలే అనుకున్నాను. గడియారాన్ని మాత్రం అనుమానించలేదు. హవల్దారు తన వేళ్ళు చంకలో పెట్టుకుని, ఎంతైందని తమిళంలో అడిగాడు. మూడింటికి ఇంకా పదహారు నిమిషాలుందన్నాను.

"ఇంకానా?" అన్నాడు. నన్ను చూసి, వేళ్ళను ఇంకాస్త లోపలికి దోపుకున్నాడు. ఆ పోస్టులో అంకెల విషయంలో నా మాటే చివరిది. యాభై ఎనిమిది రోజుల్లో సంపాదించుకున్న పేరు అది.

మరి కాసేపటికి నర్సింగు అసిస్టెంటు సిలిండరు మీటరు వంక చూసి, ఎక్కడో లీకు ఉందన్నాడు. చెవి పెట్టి విన్నాం. లీకు లేదు. మీటరు మీద ఒక్కో గీతకు ఇరవై లీటర్లు. నిమిషానికి నాలుగు. అంటే గీతకు ఐదు నిమిషాలు. ఏడు గీతలు దిగింది. ముప్పై ఐదు నిమిషాలు. నా గడియారంలో రెండూ నలభై ఆరు.

గడియారం చెవి దగ్గర పెట్టాను. చప్పుడు లేదు. ఊపితే నాలుగు టిక్కులు కొట్టి ఆగింది. పై గుండీ నొక్కి పొడుగు ముల్లును ఆపాను. వెంటనే, ఏమీ జరగనట్టు, చక్కగా నడవడం మొదలుపెట్టింది.

ఆపరేటరును హవల్దారు ఒళ్ళో పెట్టి తాడు పట్టుకుని బయటికి పాకాను. వంటవాడు నిలబడే ఉన్నాడు. గాలికి వీపు పెట్టి, ముఖం మా తలుపు వైపు. రైఫిలు తీసుకోబోతే రాలేదు. అతను ఇవ్వనని కాదు, వేళ్ళు విడివడటం లేదు. ఒక్కొక్క వేలే విప్పాను. అప్పుడు అడిగాడు.

"టైమయిందా అన్నా?"

కోపం లేదు. ఎగతాళి లేదు. కాఫీ అయిందా అన్నట్టు అడిగాడు.

అతన్ని లోపలికి తెచ్చాక సిలిండరు చూశాను. ఇంకా నాలుగు లీటర్ల మీదే ఉంది. ఎనిమిదో గీత. నలభై నిమిషాలు. అంతకుముందు పదకొండు. మొత్తం యాభై ఒకటి. అతను ఉండాల్సింది ముప్పై.

నా కోటు గుండీలన్నీ విప్పి అతని చేతులు రెండూ నా పొట్ట మీద పెట్టుకున్నాను. ఐసులోంచి తీసిన చేపల్లా ఉన్నాయి. అతను నన్ను చూసి, "చక్కిలిగిల్లా అన్నా?" అన్నాడు. నా వంతు కాపలాకు నర్సింగు అసిస్టెంటు వెళ్ళాడు. నేను రేడియో తీసుకున్నాను.

"ఎంతమందికి బాగాలేదు?" అని కింది శిబిరం అడిగింది.

"ఇద్దరికి. ఒకరికి ఊపిరి. ఒకరికి చేతులు."

"రేపు పదింటిదాకా హెలికాప్టర్ ఎగరదు. అప్పటిదాకా చూసుకోండి."

చూసుకున్నాం. మర్నాడు తొమ్మిదింటికి గాలి ఆగింది. వంటవాడి వేళ్ళు అప్పటికి నల్లబడ్డాయి. హెలికాప్టర్ కోసం ఎదురుచూస్తూ, ఇంటికి ఉత్తరం రాసిపెట్టమన్నాడు. నాకు ఇంకా ఒత్తులు సరిగా రావన్నాను. వచ్చినకాడికి రాయి, మా ఆడమనిషి కూడబలుక్కుని చదువుకుంటుంది అన్నాడు. నేను తెలుగులో రాసిన మొదటి ఉత్తరం అది. నాలుగు లైన్లు. మూడో లైను ఇలా చెప్పాడు.

"చేతులు బాగుండాయి అని రాయన్నా."

రాశాను. ఇద్దరినీ తీసుకెళ్ళారు. ఆపరేటరు పదిహేను రోజుల్లో కోలుకున్నాడు. నేను ఇంకో ముప్పై ఎనిమిది రోజులు ఉండి దిగాను.

సెలవులో పుదుచ్చేరి వచ్చి రెండో రోజు గడియారాన్ని ఒక రిపేరు షాపుకు తీసుకెళ్ళాను. ఆయన వెనక మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకుని చూశాడు. లోపలి నూనె ఎప్పుడో ఎండిపోయిందన్నాడు. టైము ముళ్ళనూ, ఆ పొడుగు ముల్లునూ తిప్పేది ఒకే స్ప్రింగు. టైము ఒక్కటే చూపమంటే దానికి ఓపిక ఉంది. పొడుగు ముల్లును కూడా లాగమంటే లేదు. ఉదయం తాళం నిండుగా ఉన్నప్పుడు ఎలాగో లాగుతుంది, మధ్యాహ్నానికి స్ప్రింగు కొంచెం వదులైతే రెండూ కలిసి నిలిచిపోతాయి. ఇవి పాతబడితే చాలావాటికి వచ్చే జబ్బే, గుండీ నొక్కి ఓ పది నిమిషాలు చూసి ఉంటే తెలిసేది కదా అన్నాడు. మామూలుగానే అన్నాడు.

సొల్దా తాతను అడిగాను. ఆయన నోరు తెరిచి, ఆ గుండీ నేనెప్పుడూ నొక్కలేదే, నాకేం పని అన్నాడు.

వంటవాడు ఉద్యోగం వదిలి ఊళ్ళో భార్యతో టిఫిను కొట్టు పెట్టాడు. తరిగేది ఆమె. రుచి చెప్పేది అతను. ఏటా తమిళుల ఆడి నెలలో, వీరాంపట్టినం తేరు తిరునాళ్ళకు ఇద్దరూ మా ఇంటికి వస్తారు. మొదటి నాలుగుసార్లు నేను ఆ మాట ఎత్తలేదు. ఐదోసారి, తేరు చూసి వచ్చి హార్బర్ గట్టు మీద కూర్చున్నప్పుడు చెప్పేశాను. గుండీ, గీతలు, రెండూ నలభై నాలుగు, హవల్దారుకు చెప్పిన పదహారు నిమిషాలు. అన్నీ.

అతను వేరుసెనక్కాయలు తింటున్నాడు. ఆ వేళ్ళతో తొక్క తీయడం ఆలస్యం. నేను తీసిపెట్టను, అతనికి నచ్చదు.

"నాకు ఆపొద్దే తెలుసన్నా," అన్నాడు.

ఏం తెలుసన్నాను.

"టైము దాటిందని. కాపలా నిలబడితే నేను మనసులో రసం పెడతా. చింతపండు నానేసేకాడి నుంచి తాలింపుదాకా. ఒక రసానికి సరిగ్గా అరగంట. ఆపొద్దు రెండో రసం మరిగే కాడికొచ్చినా."

తాడు ఎందుకు లాగలేదని అడిగాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"లాగితే నువ్వే కదా రావాల్సింది. నువ్వు లోపల ఆ మనిషిని పట్టుకోనుండావు. వదిలేస్తే వాడేమవుతాడు?" ఇంకో కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు. "వేళ్ళు పోతాయని తెలీదులే. తెలిసుంటే లాగేవాణ్ణి, అంత మంచోణ్ణి కాదు నేను."

నేను లెక్క చెప్పాను. తెలిసి నిలబడినా, తెలియక నిలబడినా, నేను రావాల్సిన సమయానికి రాలేదు. ఆ నిమిషాలు నావి. అవి నేను నిలబడాల్సినవి.

"కొట్టేయన్నా ఆ లెక్కని," అన్నాడు.

కొట్టేయనన్నాను.

ఒక పడవ నుంచి గంపలు దించుతున్నారు. భార్య దూరం నుంచి బస్సుకు టైమైందని పిలిచింది. అతను లేచి, పంచె దులుపుకుని, చొక్కా బొత్తాం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను.

"సరే, కొట్టేయొద్దులే," అన్నాడు వెనక నుంచి. "బాకీ వుంటే యేటా వచ్చే పనుంటుంది."

అప్పటి నుంచి ఒక్క ఆడి నెల కూడా మానలేదు. వచ్చినప్పుడల్లా ఇంట్లోకి అడుగుపెడుతూనే, ఎంతుంది అన్నా అని అడుగుతాడు. నేను చెబుతాను. వడ్డీ లేదు, తగ్గింపు లేదు. ఇరవై ఒక్క నిమిషాలు.