ఏరి తెచ్చిన గింజలు

కటుంగె ఎలాంటి మనిషని అడిగితే మొండిదనే చెబుతాను. ఇక్కడ ముటోమో వైపు ఆ మాట తిట్టు కిందకి రాదు. పదేళ్ళుగా నా పిండిమర పక్క గదిలో కూర్చుని, ఎవరు తెచ్చినా సరే, మొక్కజొన్నలో విషం ఉందో లేదో చూసి చెబుతోంది. మర మోతకి నీకు చెవుడొస్తుందే అంటే, "నీ నోటి ముందు మర ఎంత వదినా" అంటుంది.

సరదా పుట్టి పట్టిన పని కాదది. పదకొండేళ్ళ కిందట, కోతలప్పుడు వాన పడిన ఏడు, ఆమె కూతురు ముమో కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి, వారం తిరక్కుండా పోయింది. నాలుగేళ్ళ పిల్ల. ఒకళ్ళు దిష్టన్నారు, ఒకళ్ళు కామెర్లన్నారు. ఆస్పత్రి వాళ్ళు మాత్రం ఇంట్లో మొక్కజొన్న ఎలా దాచారని అడిగారు. తడి మీద బస్తాకెత్తితే బూజు పడుతుందట, ఆ బూజు విషం కంటికి కనపడదట, కడిగినా ఉడికించినా పోదట. మరుసటేడు నైరోబీ నుంచి పరిశోధన వాళ్ళొచ్చారు. ఆ విషాన్ని అక్కడికక్కడే పట్టుకునే కొత్త పట్టీలు తెచ్చాం, నేర్చుకునేదెవరని అడిగితే, చెయ్యెత్తింది కటుంగె ఒక్కతే.

గింజలు మెత్తగా ఆడాలి, వాళ్ళిచ్చిన ఘాటు నీళ్ళలో కలిపి వడగట్టాలి, అందులో కాగితం పట్టీ ముంచి ఐదు నిమిషాలు ఆగాలి. రెండు గీతలొస్తే మంచి గింజ. ఒక్కటే వస్తే విషం. మొదట్లో ఆడవాళ్ళం పడీ పడీ నవ్వేవాళ్ళం, రెండు గీతలొస్తే కడుపు కదే అని. "అయితే నీ బస్తాకి కడుపు రావాలని మొక్కుకో" అనేది.

ఈ ఏడూ కోతల్లో వాన దంచేసింది. మా బడిలో మూడొందల మంది పిల్లలకి మధ్యాహ్నం పూట మొక్కజొన్నా చిక్కుళ్ళూ కలిపి ఇస్యో వండి పెడతారు. దానికి మేం ఇరవై రెండిళ్ళవాళ్ళం ఇంటికో బస్తా ఇస్తాం. ఇన్నాళ్ళూ అనుమానమున్నవాళ్ళే కటుంగె దగ్గరికి వచ్చేవాళ్ళు. బడి బస్తాలన్నీ చూడాలని ఈసారే పట్టుబట్టింది, ఇంటికో గిన్నెడు గింజలు తెమ్మంది. గురువారం అందరం తెచ్చాం. ఇరవై రెండు పట్టీలకీ రెండేసి గీతలు.

బడి కమిటీ పెద్ద కిథెకాకి మహదానందమైపోయింది. "సోమవారం నుంచే వంట. బస్తాలు బండికెత్తించండి" అన్నాడు.

కటుంగె మాత్రం లేవలేదు. "ఇంత వానకి ఒక్కటీ పాడవలేదా వదినా?"

"దేవుడు చల్లగా చూశాడు. లే ఇక."

ఆమె ఒక గిన్నె బల్ల మీద ఒంపింది. వేళ్ళతో కదిపింది. నూక లేదు, నల్ల గింజ లేదు, పుచ్చు లేదు. ఇంకో గిన్నె ఒంపింది, అదీ అంతే. "ఏరి తెచ్చారు" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఏరక? ఇంకొకరి చేతికిచ్చే గింజల్లో నూకుంటే తలెత్తుకోగలమా?"

మా ఇళ్ళలో అంతే మరి. పొరుగింటికి దోసెడిచ్చినా చేటలో చెరిగి, చెత్త గింజ లేకుండా ఏరి ఇవ్వాల్సిందే. పొద్దున్నంతా నడుం పడిపోయేలా కూర్చుని నేనూ అదే చేశాను. మంచి గింజలు గిన్నెలోకొచ్చాయి, మిగతావన్నీ బస్తాలోనే ఉన్నాయి. చెయ్యకూడని పని చేశామని ఒక్కరికీ తట్టలేదు.

కటుంగె తన గిన్నె కూడా ఒంపి చూసి నెత్తి కొట్టుకుంది. "నేనూ ఏరాను వదినా. పదేళ్ళుగా ఈ పనిలో ఉండి, నేనూ ఏరాను."

సాయంత్రానికి మొన తేలిన బోలు గొట్టం ఒకటి సంపాదించింది. ప్రతి బస్తాలో పైనా నడుమా అడుగునా గుచ్చి తీస్తానంది. ఇక చూడాలి రభస. "గొట్టాలు గుచ్చేది దళారులు. మన ఇళ్ళ ఆడవాళ్ళని దొంగల్ని చేస్తావా?" అన్నాడు కిథెకా. వేరే ఇంట్లో ఉండే ఆమె అత్త సియోంబువా అయితే తన వాకిట్లోనే నిలబడి, "నా బస్తాలో గుచ్చితే నా పొట్టలో గుచ్చినట్టే" అని కేకలేసింది.

"ఎంతైనా తిట్టుకోండి. గుచ్చందే ఒక్క బస్తా కూడా బడి గుమ్మం దాటదు" అంది కటుంగె.

శుక్రవారం పొద్దున్నే తన బస్తానే మొదట నా మర ముందుకి ఈడ్చుకొచ్చింది. అందరి ముందూ గుచ్చింది, ఆడింది, పట్టీ ముంచింది. ఒకటే గీత. ఆ ఇంటి గింజంతా ఒకే కళ్ళం మీద ఆరినది, ఇంట్లో తినడానికున్నవీ అవే. ఆమె బస్తాని గోతిలో కుమ్మరించి, మట్టి కప్పి, చేతులు కడుక్కుని వచ్చింది. "తరవాతెవరు?" అంది.

ఆ తరవాత ఒక్కొక్కరే తెచ్చారు. నా బస్తా వంతు వచ్చినప్పుడు ఆ ఐదు నిమిషాలూ పట్టీ మీంచి కళ్ళు తిప్పలేదు. అదృష్టం, నాది గట్టెక్కింది. ఆదివారం మధ్యాహ్నానికి ఇరవై ఒకటి అయ్యాయి, ఎనిమిది గోతిలోకి పోయాయి. సియోంబువా బస్తా ఒక్కటే మిగిలింది.

"ముసలావిడని వదిలెయ్. ఒక్క బస్తాయేగా" అన్నాడు కిథెకా.

"ఒక్క బస్తా అంటే ఎంతమంది పిల్లల కంచాలో నువ్వే చెప్పు" అంది కటుంగె.

కాసేపటికి సియోంబువాయే వచ్చింది, గాడిద మీద బస్తా వేసుకుని. ఎవరి వంకా చూడకుండా "గుచ్చు" అంది.

ఒకటే గీత. ముసలావిడ ఆ పట్టీని అరచేతిలో పెట్టుకుంది. "ఆ ఏడూ ఇలాగే తడిసింది" అంది. "తడిసిందని తెలిసే బస్తాకెత్తాను. పిల్ల ఆకలంటే అందులోంచే తీసి వండాను." పదకొండేళ్ళలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదలు. నాకు ఏడుపాగలేదు.

"నాకు తెలుసత్తా" అంది కటుంగె. "దాని నోట్లో పెట్టింది నేనేగా." పట్టీ తీసి పక్కన పెట్టింది. "ఆ కొస పట్టుకో."

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని బస్తాని గోతి దాకా ఈడ్చుకెళ్ళారు.