ఇంజనుకు తోడు ఎద్దులు

మా మామ మిలిటరీలో కంచరగాడిదలు తోలినవాడు. రెండో ప్రపంచ యుద్ధం రాగానే వాటిని తీసేసి చేతికి లారీ ఇచ్చారట. ఇంట్లో ఏ మాట మొదలైనా, కోడలినైన నన్ను 'పాపా' అని పిలిచి, అక్కడికే వచ్చేవాడు.

"ఆ యుద్ధమే రాకుంటే, పాపా, లారీలు మిలిటరీలోకి నిదానంగా వచ్చేవి. బాటలో ఇంజను, బురదలో పశువు, రెండూ జతగా పోయేవి. తొందరలో పశువును ఇడిసిపెట్టినారు."

మేము నవ్వేవాళ్ళం.

డెబ్బైల్లో ఒక వానాకాలం నాకు నొప్పులొచ్చాయి. జీపులో కౌతాళం నుంచి ఆదోని ఆసుపత్రికి పోతుంటే నల్లరేగడిలో చక్రాలు కూరుకుపోయాయి. అత్త నా చెయ్యి పట్టుకుని దేవుళ్ళందరినీ పిలుస్తోంది. మామ పక్క చేనిలోని రైతును బతిమాలి ఎద్దులను తోలుకొచ్చాడు.

డ్రైవరు ఎగతాళి చేశాడు. "ఏం తాతా, జీపును కాడికి కడ్తావా?"

"కడ్తానప్పా. ఇంజను ఆపొద్దు. అవి లాగినప్పుడే నువ్వూ మెల్లగా తొక్కల్ల."

మామ ఎద్దుల మధ్య నిలబడి వీపులు నిమిరి "హోయ్" అన్నాడు. ఇంజను మూలిగింది, ఎద్దులు మోకాళ్ళ మీదికి వంగి లేచాయి, జీపు గట్టి నేలెక్కింది.

రైతుకు ఎద్దులను అప్పగించి, మామ సాయంత్రానికి ఆసుపత్రి చేరాడు. పంచె నిండా బురద.

"మనవడు పుట్టినాడు," అంది అత్త.

"పాప బాగుండాదా?"

"ఇద్దరూ బాగుండారు."

మామ కళ్ళు తుడుచుకుని అటూ ఇటూ చూశాడు.

"ఆ డ్రైవరప్ప యాడ? శానా బాగ తోలినాడు, సెప్పల్ల," అంటూ బయటికి పోయాడు.