రెండు దెబ్బలు, ఒక ఆగుడు

గుడియాత్తంలో లుంగీలు నేసే నాగలింగం మగ్గాన్ని వీధి చివరి నుంచే గుర్తుపట్టవచ్చు. పోగును బిగించే పలక దెబ్బలు రెండు, తర్వాత ఒక ఆగుడు. ఆ ఆగుడు అతని మోకాలి నొప్పిది. వేలూరు రాక్ బ్యాండు వాళ్ళు ఆ చప్పుడునే డ్రమ్ములకు జతచేసి పాట కట్టారు. ఆ పాట వీడియో కథలో అతను చనిపోయిన నేతగాడు. అతని ఇంట్లోనే అతని ఫోటోకు దండ వేసి, సన్నటి తీగతో పలకను లాగుతూ, మగ్గం తనంతట తానే నేస్తున్నట్టు తీశారు. ఫోటోకు దండ పడిన ఇంట్లో, మగ్గం మీద మళ్ళీ మొదటి పోగు వేరే చెయ్యి వేయాలన్నది ఆ వీధి ఆనవాయితీ. "ఉత్త షూటింగు దండకు శాస్త్రమేందే, వళ్ళీ?" అని, వద్దన్న భార్య మాట నవ్వి కొట్టేసి, మర్నాడు నాగలింగం తానే మగ్గం గుంటలో దిగి మొదటి పోగు వేశాడు.

అప్పటి నుంచి రోజూ పదిగంటలకు, భుజాన పార్టీ రంగుల అంచున్న కరై తుండుతో టీ అంగడికి పోయి, ఎవరి ఫోనులోనో తన చావు చూసి ముసిముసిగా నవ్వుకుంటాడు. నిన్న తిరిగొచ్చేసరికి ఇంట్లో వళ్ళి ఒక్కతే ఉంది, వంటింట్లో. మగ్గం మీద బట్ట నాలుగు వేళ్ళు పెరిగింది. పలక ఇంకా ఊగుతోంది.

"ఏమయ్యా, మోకాలు బాగైనట్టుండాదే!" అంది వళ్ళి లోపలి నుంచే. "ఈ పొద్దు ఒక్క తూరి కూడా ఆగకుండా నేస్తివి."