పిన్నీసుతో నిలబెట్టిన ప్రాసెసర్

మొన్న మా ఇంటి పాత కంప్యూటర్ మరీ మొరాయిస్తుంటే, కొత్తది కొనడమా, లోపలి ప్రాసెసర్ ఒక్కటే మార్చి సరిపెట్టుకోవడమా అని అక్కకి ఫోన్ చేశాను. ఆవిడ చిలకలూరిపేటలో ఇంట్లోనే పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది కాబట్టి, ఈ విషయంలో మా చుట్టాలందరికీ ఆవిడ మాటే వేదం. "ముందు నీ బోర్డుకి ఏది పడుతుందో కనుక్కో. ఇంకో సంగతి, షాపుకి మీ బావని మాత్రం తీసుకెళ్ళకు" అంది. పక్కనుంచి బావ ఏదో అరవడం వినిపించింది. ఇది మా ఇంట్లో పాత పేచీ.

బావ మిరప, పత్తి వేస్తాడు. కొన్నేళ్ళ కిందట ఓ ఏడు మిరపకి తామర పురుగు పట్టి, చేలో కోయడానికి ఏమీ మిగల్లేదు. అక్క అంతకుముందే సరదాగా నేర్చుకున్న మిక్సింగ్ మీద ఇల్లు నడవాల్సి వచ్చింది. కంప్యూటరేమో మా మేనకోడలి చదువుకి కొన్న పాతది. ముక్కలన్నీ కలిపి ఒక పెళ్ళిని పూర్తి వీడియోగా ఎక్కించాలంటే సాయంత్రం మొదలుపెడితే తెల్లారేది. మధ్యలో ఆగిపోతే మళ్ళీ మొదటికి. పని ఇచ్చే స్టూడియో ఆయన, మాఘమాసం పెళ్ళిళ్ళలోపు స్పీడు పెంచుకోకపోతే గుంటూరులో ఇచ్చుకుంటానమ్మా అని మర్యాదగానే చెప్పాడు. అరిచి చెప్పే మాటకి ఎదురు చెప్పొచ్చు గానీ, మర్యాదగా చెప్పే మాటకి ఏం చెబుతాం?

ప్రాసెసర్ మార్పిద్దామని, కంప్యూటర్ డబ్బాని బస్సులో ఒళ్ళో పెట్టుకుని అక్క, బావ, నేను గుంటూరు వెళ్ళాం. నేను కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. నాలుగు వీడియోలు చూసి ప్రాసెసర్ల గురించి అంతా తెలిసినట్టే బయల్దేరాను. వెళ్ళగానే అన్నిటికంటే కొత్త రకం అడిగాను. "అది ఈ బోర్డులో కూర్చోదండి. కావాలంటే బోర్డు, ర్యామ్, అన్నీ మార్చాలి" అన్నాడు షాపాయన. పాత బోర్డుకి పట్టేవి, మా చేతికి అందేవి రెండే తేలాయి. ఒకటి సీలు తియ్యని చిన్న రకం. ఇంకోటి ఎవరో వాడి అమ్మిన పెద్ద రకం, కోర్లు ఎక్కువ, అంటే ఒకేసారి ఎక్కువ పని లాగేది. నేను సీలు తియ్యనిదే మేలన్నాను. అక్క నావైపు చూడను కూడా చూడలేదు. "వీడియో ఎక్కించడానికి ఏది తొందరగా చేస్తుందండీ?" అని ఆయన్నే అడిగింది.

"వాడిందేనమ్మా. కానీ దానికి గ్యారంటీ లేదు. మీ చేతికి ఇచ్చాక నాకు సంబంధం లేదు."

ఆవిడ సరేనంది. బావ, "ఏదీ, ఇటివ్వండి, సరుకు చూద్దాం" అని చెయ్యి చాపాడు. మా వైపు మిరప కొనేవాడెవడూ చూసి కొనడు. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి పిసుకుతాడు. గలగలమంటే ఎండినట్టు, మెత్తగా అణిగితే తేమ ఉన్నట్టు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బావ చేతికి అదే అలవాటు. ఆ ప్రాసెసరేమో బిస్కెట్టంత బిళ్ళ, అడుగున వెంట్రుకల్లాంటి పిన్నులు. బావ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి గట్టిగా నొక్కాడు.

"అయ్యో, అలా పట్టుకోకూడదండీ!" అన్నాడు షాపాయన.

"ఏం కాలేదులెండి, గట్టి సరుకే" అన్నాడు బావ. తిప్పి చూస్తే ఓ మూల పిన్నులన్నీ గాలివానకి పడిన వరిచేనులా ఒరిగిపోయి ఉన్నాయి.

ఇంకోటి కొనే స్తోమత మాకు లేదు. నాకు బావని చెడామడా తిట్టాలనిపించింది. అక్క మాత్రం బల్ల ముందు కూర్చుని, భుజం మీది పిన్నీసు తీసింది. "విరిగితే ఇక ఎందుకూ పనికిరాదమ్మా" అన్నాడు షాపాయన. తెలుసన్నట్టు తలూపి, ఒక్కో పిన్నునీ కింద నుంచి లేపడం మొదలుపెట్టింది. కాసేపటికి బావ వచ్చి పక్కన కూలబడి, ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు. రెండో చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఎడంపక్కది ఇంకాస్త... చాల్చాలు. మెల్లగా!" అన్నాడు బావ.

"మీరు కాసేపు ఊపిరి పీల్చకండి. లైటు ఊగుతోంది."

బావ నిజంగానే ఊపిరి బిగపట్టాడు. అది చూసి నా కోపం దిగిపోయింది. పిన్నులన్నీ లేచాక షాపాయన దాన్ని బోర్డు మీద వదిలాడు. అది నొక్కే పని లేకుండా తనంతట తనే కూర్చుంది. తెర చాలాసేపు నల్లగా ఉండి, చివరికి వెలిగింది. అక్క పిన్నీసు భుజానికి పెట్టుకుని, ఆకలేస్తోంది పదండి అంది. బావ మాత్రం బస్సెక్కేదాకా "నిజంగా పనిచేస్తుందంటావా?" అని నన్ను అడుగుతూనే ఉన్నాడు.

పనిచేసింది. మాఘమాసం పెళ్ళిళ్ళన్నీ అక్కే చేసింది. స్టూడియో ఆయన మళ్ళీ గుంటూరు మాట ఎత్తలేదు. తర్వాత చేలోనూ పంట పండింది, ఆ కంప్యూటరూ మారిపోయింది. ఇప్పుడు అక్క దగ్గర ఎంత పెద్ద పెళ్ళయినా కాఫీ తాగేలోగా ఎక్కేస్తోంది. కానీ పని తొందరగా కావాలని వెళ్ళిన ఆ రోజు, వాళ్ళిద్దరూ తలలు ఆనించి, ఊపిరి బిగపట్టి కూర్చున్న ఆ కాసేపు మాత్రం నాకు ఇన్నేళ్ళయినా గడిచిపోలేదు.