ముక్కుతో పలకరించే పుల్లన్న

పుల్లన్న ఎవరినైనా ముందు ముక్కుతో పలకరిస్తాడు. నోటి వంతు ఆ తరువాతే. మనిషి ఎదురుపడగానే మెడ కాస్త ముందుకు చాచి, కళ్ళు సగం మూసి, రెండుసార్లు గట్టిగా వాసన పీలుస్తాడు. అదయ్యాక "ఏమప్పా, బాగుండావా?" అంటాడు. అప్పటికే ఆ మనిషి బాగున్నదీ లేనిదీ అతనికి తెలిసిపోయి ఉంటుంది. అడగడం ఉత్త మర్యాదకు.

కంబదూరుకు పక్కనున్న ఆ పల్లెలో ఈ ముక్కుకు జడవని మనిషి లేడు. ఒకసారి కుళ్ళాయప్ప, సంతకు పోతున్నానని పెళ్ళాంతో చెప్పి పోయి, సాయంత్రానికి టీ అంగడి దగ్గర కూర్చున్నాడు. పుల్లన్న అటుగా పోతూ ఆగి, వాసన పీల్చి, "ఏం కుళ్ళాయప్పా, సంతలో కోడికూర పెడతాండారా? మసాలా మీ అక్క చేతిదే" అన్నాడు. కుళ్ళాయప్ప పెళ్ళాం సరిగ్గా అప్పుడే పాలు పోయించుకోవడానికి వచ్చి వెనక నిలబడి ఉంది. ఆ రాత్రి వాళ్ళింట్లో పొయ్యి వెలగలేదట.

"యాడ నేర్చినావు మామా ఈ విద్య?" అని ఎవరైనా అడిగితే పుల్లన్న తన గొర్రెల మందను చూపిస్తాడు. దేవుడు మనుషులకు మాటలిచ్చి చెడగొట్టాడనీ, మూగజీవాలకు వాసనలిచ్చి బాగుచేశాడనీ అతని నమ్మకం. కుక్క కరెంటు స్తంభం దగ్గర కాలెత్తితే "జాబు రాసి పెట్టిపోతాండాది" అంటాడు. ఇంకో కుక్క వచ్చి అక్కడ మూతి పెడితే "తరమొద్దురా, చదువుకోనీ" అంటాడు. పొట్టేలు గొర్రె వెనక చేరి, వాసన పట్టి, తల పైకెత్తి పైపెదవి మడిచిందంటే చాలు, పక్కనున్న వాళ్ళను చెయ్యి పట్టుకుని లాక్కుపోతాడు. "సంబంధం కుదురుతాదో లేదో చూసుకుంటాండాది. మనమెందుకప్పా మధ్యలో?"

ఇంట్లో చీమల బారు కనిపిస్తే అతని భార్య చౌడమ్మకు ఆ పూట ఊడ్చే యోగం లేనట్టే.

"ఆగే చౌడమ్మా! ముందు పోయిన చీమ వాసనతో దావ గీసి పెట్టింది. నువ్వు చెరిపితే యనకొచ్చేటివి ఇల్లెట్ల చేరేది?"

"వాటి ఇల్లు సరే, నా ఇల్లు నేనెట్ల ఊడ్చేది?"

"రేపు ఊడుస్తువులే. బిడ్డలు నడుస్తాండారు."

ఇక దొడ్డి దగ్గరికి సబ్బు వాసన, సెంటు వాసన రాకూడదు. గొర్రెలు బెదురుతాయట. పుల్లన్న ఉత్త నీళ్ళే పోసుకుంటాడు. అతని కంబళికి ఆ నీళ్ళు కూడా తగలనియ్యడు. దాన్ని దండెం మీద వేయనక్కర్లేదని, గోడకు ఆనిస్తే దానంతట అదే నిలబడుతుందని చౌడమ్మ అంటుంది.

అలాంటి ఇంటికి గుత్తి నుంచి మల్లీశ్వరి కోడలై వచ్చింది. వాసన సబ్బు, తలనిండా మల్లెపూలు, మెడ మీద పౌడరు. కొడుకు రామాంజితో కలిసి ఆమె గడప దాటుతుంటే పుల్లన్న ముక్కు తన పని తాను చేసింది. వెంటనే తుమ్మాడు. ఆశీర్వదించబోయి మళ్ళీ తుమ్మాడు. తుమ్ములన్నీ అయ్యాక కళ్ళు తుడుచుకుని, "చల్లంగుండు తల్లీ. దొడ్డిలోకి మాత్రం రావద్దు" అన్నాడు.

ఆ మాట మల్లీశ్వరి మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ ఇంటి బతుకంతా దొడ్డిలోనే. మొగుడు, అత్త, మామ తెల్లారితే అక్కడే. తను ఒక్కతే గడప దగ్గర. ఎప్పుడైనా కంచె దాకా పోతే గొర్రెలన్నీ ఒక్కసారిగా అవతలి మూలకు జరిగేవి. 'వీటికి కూడా నేను పరాయిదాన్నే' అనుకునేది.

ఒకరోజు అందరూ మందతో కొండవైపు పోయారు. నిండు చూలుతో ఉన్న బొల్లిగొర్రె ఒక్కటే దొడ్డిలో మిగిలింది. మధ్యాహ్నానికి ఈనింది. జిగటజిగటగా, వణుకుతూ పడివున్న పిల్లను చూసి మల్లీశ్వరికి మనసు ఆగలేదు. గుత్తిలో అక్కబిడ్డకు తను ఎన్నిసార్లు నీళ్ళు పోయలేదు! పిల్లను ఎత్తుకొచ్చి, గోరువెచ్చని నీళ్ళతో, వాసన సబ్బుతో ఒళ్ళంతా రుద్ది, మెత్తని తువ్వాలుతో తుడిచి, పౌడరు అద్దింది. అంత ముద్దుగా ఉంటే దిష్టి తగులుతుందని నుదుట కాటుకచుక్క కూడా పెట్టింది. మామ వచ్చి మెచ్చుకుంటాడని ఆశపడుతూ తల్లి దగ్గర వదిలింది.

బొల్లి ఒక్కసారి వాసన చూసి వెనక్కి తగ్గింది. పిల్ల పొదుగు వెతుక్కుంటూ వస్తే కొమ్ముల్లేని తలతోనే కుమ్మి పడేసింది. మళ్ళీ వస్తే కాలితో తన్నింది. మంద తిరిగొచ్చే వేళకు పిల్ల గొంతు సన్నబడిపోయింది.

పుల్లన్న వెంట కుళ్ళాయప్ప కూడా వచ్చాడు. "ఎవరప్పా దీన్ని కడిగింది? తల్లి వాసన పోగొట్టినంక అది బిడ్డని ఎట్ల గుర్తుపడతాది? మొదటి పాలు పడకుంటే తెల్లారేదాకా ఉండదు" అన్నాడు.

మల్లీశ్వరి తలుపు వెనక చేతులు దాచుకుని నిలబడింది. సబ్బు వాసన ఇంకా పోలేదు. పుల్లన్న పిల్లను ఎత్తుకుని వాసన చూశాడు. తలుపువైపు మెడ చాచి ఇంకోసారి పీల్చాడు. ఎన్నడూ తప్పని ముక్కు అది. ఏం చెబుతుందోనని అందరూ చూస్తున్నారు.

"నేనే కడిగినా" అన్నాడు పుల్లన్న.

"నువ్వా? పొద్దున్నుంచి కొండకాడ మాతోనే ఉంటివి గదా?"

"మధ్యలో వచ్చి పోతి."

"మరి ఈ పౌడరు?"

"నాకు చెమటకాయలు. నేను పూసుకున్యా. దానికి అంటుకుండాది."

"కాటుకచుక్క గూడా అంటుకుండాదా మామా?"

"దిష్టి తగలదా మరి?" అని పుల్లన్న కసిరాడు.

కుళ్ళాయప్ప పొట్ట పట్టుకుని నవ్వుతూ, పిల్లకు ఫోటో తీసుకుని, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి పరుగెత్తాడు. అతను పోయి, చౌడమ్మా రామాంజీ మందకు నీళ్ళు తేవడానికి కదిలాక పుల్లన్న ఆకాశంవైపు దండం పెట్టాడు. "బీరప్ప సామీ, పసిదాని కోసం ఆడిన మాట, మనసులో పెట్టుకోవద్దు." తరువాత తలుపు దగ్గరికి వచ్చి, "అమ్మా, ఆ డబ్బా ఇట్ల తే" అన్నాడు.

"మామా, నాకు తెలీక..."

"ఏడ్చేది తర్వాత పెట్టుకుందాం. బిడ్డ ఆకలిగుండాది."

"మళ్ళీ పౌడరెందుకు మామా?"

"పోయిన వాసన తేలేం గదా. ఇప్పుడు తల్లికీ ఇదే వాసన పట్టిస్తాం. అంతా ఒకటే వాసనైతే అది ఎవర్ని తప్పుపడతాది? నువ్వు లోపలికి రా, తల పట్టుకో."

మల్లీశ్వరి దొడ్డిలోకి మొట్టమొదటిసారి అడుగుపెట్టింది ఆ పూటే. ఆమె బొల్లి తలను ఒడిలో పెట్టుకుంటే పుల్లన్న దాని మూతికి, పొదుగుకు, పిల్ల వెనకభాగానికి, తన చేతులకు కూడా పౌడరు రుద్దాడు. బొల్లి తుమ్మింది. పుల్లన్న తుమ్మాడు. బొల్లి మళ్ళీ తుమ్మి, పిల్లను వాసన చూసి, తన పొదుగును వాసన చూసుకుని, ఏమీ తోచక అలాగే నిలబడిపోయింది. ఆ సందులో పిల్ల పొదుగు కింద దూరింది. కాసేపటికి దాని తోక టపటపా ఆడింది. బొల్లి గొంతులోంచి సన్నగా, లోలోపలే పిలుస్తున్నట్టు ఒక ధ్వని వచ్చింది.

ఆడిన అబద్ధాన్ని నిలబెట్టుకోవాలి కదా. మరుసటి రోజు నుంచి పుల్లన్న పొద్దున్నే మెడనిండా పౌడరు కొట్టుకుని టీ అంగడికి పోతున్నాడు. ఊరందరి వాసనా పట్టిన మనిషిని ఇప్పుడు ఊరంతా వాసన పడుతోంది. "ఏం మామా, పెండ్లి యాడ?" అని ఒకరు, "గొర్రెలకు కూడా తలా ఒక డబ్బా కొనిస్తివా?" అని ఇంకొకరు. అన్నిటికీ తుమ్మే అతని జవాబు. తుమ్ముతూనే మందలో తిరుగుతున్నాడు. ఆ వాసన అలవాటై, మల్లీశ్వరి మేత పట్టుకుని దొడ్డిలోకి పోతే గొర్రెలిప్పుడు మూలకు పరుగెత్తడం లేదు. చేతిలో గంప లాక్కుంటున్నాయి.

అన్నీ ఓర్చుకున్న చౌడమ్మ ఈ పౌడరును మాత్రం ఓర్చుకోలేకపోయింది. ఒక సాయంత్రం సంగటి వడ్డిస్తూ అడిగేసింది.

"ఇన్నేండ్ల కాపురంలో ఒక్క పండగకన్నా నాకోసం ఇది పూసుకున్యావా నువ్వు?"

పుల్లన్న అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు. "నువ్వెప్పుడన్నా గొర్రెపిల్లకు సబ్బు రుద్దినావా?"

వంటింట్లో మల్లీశ్వరి చేతిలోని గరిటె ఠంగుమని కిందపడింది. చౌడమ్మ అటువైపు ఒకసారి చూసింది. మొగుడి మెడ మీది తెల్లని చారలను ఒకసారి చూసింది. ఇంకో సంగటిముద్ద అతని పళ్ళెంలో వేసి, చెయ్యి కడుక్కుంటూ అంది:

"అట్లయితే రేపు నేనూ ఒకదాన్ని కడుగుతా."