గంజి పెట్టిన సాక్సు

మా అవ్వ జములమ్మ మొదలుపెట్టి వదిలేసిన పనులు గద్వాలలోని మా ఇంట్లో ఏ మూల చూసినా కనబడతాయి. మూతి కుట్టని దిండు, ఒకవైపే సున్నం వేసిన గోడ. ఆఖరికి తాత మీద అలిగినా సగంలోనే మరిచిపోయి ఛాయ్ ఇస్తుంది.

మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని చీరలు నేసే మా గోపాలయ్య తాతకు ఈ వానాకాలం పాదాలు తిమ్మిరెక్కాయి. కాలి కింద మగ్గం పలక తొక్కాడో లేదో ఆయనకే తెలియడం లేదు. కాళ్లు వెచ్చగా ఉంచుకోమన్నాడు డాక్టరు. దుకాణంలో కొన్న సాక్సులేమో వాచిన కాళ్లను పట్టేసి ఎర్రటి గీతలు పెట్టాయి.

"ఇంక మగ్గం దిగకు నాయినా" అన్నాడు మా నాన్న. తాత ఆ పూట అన్నం ముందు కూర్చొని మెతుకులు కెలికి లేచాడు.

అప్పుడు అవ్వకు తన పాత రేకుపెట్టె గుర్తొచ్చింది. నేను పుట్టకముందు, పక్కింట్లో కిరాయికుండే నర్సు ఎస్తేరమ్మ దగ్గర ఊలు అల్లడం నేర్చుకొని, తాతకు వదులుగా ఒక సాక్సు అల్లిందట. పైన మన చీరకున్నట్టే ఎర్రంచు కూడా పెట్టింది. రెండోది మడమ దాకా వచ్చేసరికి, "ఇదేందే, బియ్యం సంచా?" అని తాత నవ్వాడు. అంతే, సూదులతో సహా అది పెట్టెలోకి పోయింది.

"ఈసారన్న ముగిస్తవా అవ్వా?" అడిగాను.

"నువ్వు పదో తరగతి ముగించినవా?"

నేను పోయి పెట్టె మూత తెరిచాను.

సాక్సుకు మడమ దగ్గర అల్లిక తిప్పడం అవ్వ మరిచిపోయింది. వనపర్తిలో ఉన్న ఎస్తేరమ్మకు వీడియో కాల్ చేసి, నా చేత ఫోన్ పట్టించి, సూదులు చూపిస్తూ మళ్లీ నేర్చుకుంది. ఊలు తక్కువ పడుతుందని బజారుకు పోయింది.

తాత ఆ సగం సాక్సు చేతిలోకి తీసుకున్నాడు. మెత్తగా, నూగు నూగుగా ఉన్న దారం ఆయనకు నచ్చలేదు. పుట్టినప్పటి నుంచి గంజి పెట్టని పడుగు దారం మగ్గం ఎక్కించని మనిషి. అవ్వకు సాయం చేద్దామని రెండు సాక్సులనూ, ఊలు ఉండనూ గంజిలో ముంచి, కుంచెతో దువ్వి ఎండలో ఆరబెట్టాడు.

అవ్వ వచ్చేసరికి సాక్సు, లోపల కాలు లేకుండానే నేల మీద నిలబడి ఉంది. నేను అందులో గరిటె పెట్టి చూశాను. అయినా అది పడిపోలేదు.

"ఏందయ్యా ఇది? కాలికి తొడగాల్నా, తలుపుకు కొట్టాల్నా?"

"గట్టిగుంటదని..." తాత గొణిగాడు. "జల్ది అయితే మల్ల మగ్గం ఎక్కుదమని."

అవ్వ సాక్సులు తీసుకొని రేకుపెట్టె దగ్గరికి నడిచింది. మూత ఎత్తింది. అయిపోయింది, ఇంకో ఇరవై ఏళ్లకు గానీ బయటికి రావు అనుకున్నాను. మూత ధన్‌మని వేసి, పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

వేడినీళ్లలో పిసికితే గంజి పోయింది గానీ ఊలు ముడుచుకుపోయింది. సంచిలాంటి మొదటి సాక్సు తాత కాలికి అచ్చంగా సరిపోయింది. బజారు నుంచి తెచ్చిన కొత్త ఊలుతో అవ్వ రెండోదీ ముగించింది గానీ, అది పైన సన్నం, ముడుచుకోని కిందిభాగం వెడల్పు. తిరగేస్తే బూరలా ఉంది.

"గుంతల ఎవడు చూస్తడు తియ్" అంది అవ్వ.

తాత గుంతలో కాళ్లు దించాడు. అవ్వ వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేసింది. మొదట మగ్గం నుంచి ఒక చప్పుడు. తర్వాత ఏమీ లేదు. తర్వాత టక్కు, టక్కు, టక్కు.

"తెలుస్తుందా?" లోపలి నుంచే అరిచింది.

"పలక తెలుస్తుందే! నీ కుట్లు గూడ గుచ్చుకుంటున్నయ్!"

ఇప్పుడు చీర కోసం ఎవరొచ్చినా తాత ముందు కాళ్లు పైకెత్తి, "ఈ అంచు చూడున్రి" అంటున్నాడు. సిగ్గులేదా అని తిట్టుకుంటూ వచ్చి, పక్కకు తిరిగిన బూర సాక్సును సరిచేసి పోతుంది అవ్వ.

ఆ ఊపులో నాకు స్వెటర్ మొదలుపెట్టింది. ఒక చెయ్యి అయింది. గంజి గిన్నెను మాత్రం నేను తాతకు అందకుండా అటక మీద పెట్టాను.